బోర్డు లేని వింతలు: ఇంటి చుట్టూ ఎలా వెతుక్కోవాలి

గుత్తి నుంచి పత్తికొండ పోయే పల్లెవెలుగు బస్సులో నేను చిన్నప్పటి నుంచీ తిరుగుతున్నాను. మా మేనత్త ఊరు అటువైపే. ఎర్రగుడి దాటేటప్పుడు కిటికీలోంచి ఒక రాళ్ళగుట్ట కనిపించేది. మా దిక్కు అలాంటి గుట్టలు అడుగడుక్కీ ఉంటాయి కాబట్టి దాన్నీ ఒక గుట్టగానే చూశాను. ఆ బండల మీద అశోకుడు చెక్కించిన అక్షరాలున్నాయని, రెండు వేల రెండు వందల ఏళ్ళకు పైగా అవి అక్కడే ఎండకు ఎండి వానకు తడుస్తున్నాయని తెలిసేసరికి నాకు ముప్పై నాలుగేళ్ళు వచ్చాయి. అన్నేళ్ళు వాటి ముందు నుంచే వెళ్ళిపోయానే అన్న బాధ ఇప్పటికీ పోలేదు.

ఆ బాధ మీకు మిగలకూడదని ఇది రాస్తున్నాను. లేపాక్షి, గండికోట, బెలుం గుహలు, యాగంటి, అహోబిలం ఎక్కడున్నాయో ఎవరూ చెప్పక్కర్లేదు. వాటికి బోర్డులున్నాయి, బస్సులున్నాయి. చూడనివాళ్ళు తప్పకుండా చూడండి. నేను చెప్పేది ఉమ్మడి అనంతపురం, కర్నూలు, కడప జిల్లాల్లో ఆ పేరున్న చోట్ల మధ్య దారుల్లో, మీ గడపకు ముప్పై నలభై కిలోమీటర్ల లోపల, బోర్డు లేకుండా పడి ఉన్నవాటి గురించి. చేలో ఒంటరిగా నిలబడిన వీరగల్లు (పోరులో చచ్చిపోయిన వీరుడి రాయి), మర్రి ఊడలు సగం మింగేసిన నంది, ఎవరు కట్టారో ఎవరికీ తెలియని బురుజు, ఊరంతా తోలుబొమ్మలు చేసే పల్లె. వీటికి కావలసింది ఒక ఆదివారం, ఒక బండి లేదా బస్సు టికెట్, ఒక నోటుపుస్తకం.

మొదటి పని: పాత దారి పట్టడం

44వ నెంబరు జాతీయ రహదారి కర్నూలు, డోన్, గుత్తి, అనంతపురం, పెనుకొండ మీదుగా పోతుంది. అది ఊళ్ళను తప్పించుకుని పోవడానికి వెడల్పు చేసిన రోడ్డు. మనం వెతికేవి ఊళ్ళను అంటిపెట్టుకుని ఉంటాయి. కాబట్టి బైపాస్ దిగేయండి. ఊళ్ళో నుంచి చెరువు కట్ట మీదుగా పోయే పాత దారి పట్టండి.

పాత దారిని గుర్తుపట్టడం కష్టమేం కాదు. రెండు పక్కలా ముసలి చింతచెట్లు వరసగా ఉంటే అది పాత దారే. నడిచేవాళ్ళ కోసం, ఎద్దులబండ్ల కోసం వేసిన దారి కాబట్టి దాని పొడుగునా నీడ, నీళ్ళు ఉండేలా చూసుకునేవాళ్ళు. అందుకే దిగుడుబావులు, పాడుబడ్డ సత్రాలు, నాలుగు కాళ్ళ మండపాలు, తలమీద మూట దించుకోడానికి నిలబెట్టిన రాళ్ళు ఈ దారుల్లోనే కనిపిస్తాయి. రెండు నిలువు రాళ్ళు, వాటి మీద ఒక అడ్డరాయి, మనిషి భుజమంత ఎత్తు. గడ్డిమోపు తలమీదున్న మనిషి ఇంకొకరి సాయం లేకుండా మోపును దానిమీదికి జరిపి, ఊపిరి పీల్చుకుని, మళ్ళీ ఎత్తుకునేందుకు పెట్టిన రాయి అది. ఈ సారి కనిపిస్తే దాని పక్కన నిలబడి మీ భుజంతో కొలిచి చూడండి.

బయల్దేరే ముందు రోజు రాత్రి ఫోన్లో ఉపగ్రహ పటం తెరిచి మీ ఊరి చుట్టూ నెమ్మదిగా చూడండి. గుట్ట మీద గోడ గీతలాంటివి, చతురస్రపు గుంతలు (అవి కోనేరులో, దిగుడుబావులో అయి ఉంటాయి), చేల మధ్య ఒంటరి చెట్ల గుంపులు గుర్తు పెట్టుకోండి. చేల మధ్య రైతు చెట్లు కొట్టకుండా వదిలాడంటే అక్కడ ఏదో దేవుడు ఉన్నాడని అర్థం. సర్వే ఆఫ్ ఇండియా వాళ్ళ 1:50,000 పటాలు ఇంకా మంచివి. వాటిలో చాలా గుట్టలకూ వంకలకూ పేర్లు ఉంటాయి, పాత కోటలు, గుళ్ళు, బావులు గుర్తులతో సహా ఉంటాయి.

ఊరి పేరు ఊరికే రాదు

పటం ముందు పెట్టుకుని ఊళ్ళ పేర్లు పైకి చదవండి. ఇది నాకు అన్నిటికన్నా ఇష్టమైన పని.

మా దిక్కు కన్నడ గాలి ఎక్కువ. కల్లు అంటే రాయి. గుంతకల్లు, ఓర్వకల్లు, ముదిగల్లు. కర్నూలు నుంచి నంద్యాల పోయే రోడ్డు మీద ఓర్వకల్లు దగ్గర రాళ్ళు ఎలా నిలబడి ఉంటాయో చూసినవాళ్ళకు ఆ పేరు మళ్ళీ వివరించక్కర్లేదు. ఇప్పుడక్కడ పర్యాటక శాఖ వాళ్ళ రాతివనం ఉంది, కానీ రాళ్ళ కంటే ముందు పేరే దారి చూపించింది. కళ్యాణదుర్గం పక్కన ముదిగల్లులో బండరాళ్ళను నాలుగు వైపులా నిలిపి పైన కప్పేసిన గూళ్ళు ఉన్నాయి. ఇనుము వాడటం మొదలైన కాలపు మనుషుల సమాధులవి. ఊళ్ళలో వాటిని రాక్షసగుళ్ళు అంటారు. అంత బండలు మనుషులు ఎత్తగలరని ఎవరు నమ్ముతారు?

బుగ్గ అని ఉంటే ఊట ఉంటుంది. తాడిపత్రిలో బుగ్గ రామలింగేశ్వరుడి దగ్గర లింగం కింద నీళ్ళు ఊరుతూనే ఉంటాయి. కోన అంటే గుట్టల మధ్య నీడపట్టు, అక్కడ తప్పకుండా గుడో గుహో ఉంటుంది. సముద్రం అంటే చెరువు. సముద్రం ఎరుగని సీమలో మనవాళ్ళు చెరువుకే ఆ పేరు పెట్టుకుని తృప్తిపడ్డారు. అనంతపురం పక్కనే బుక్కరాయసముద్రం. విజయనగర రాజు బుక్కరాయల మంత్రి చిక్కప్ప ఒడయరు ఆ చెరువు కట్టించి, ఒక కొసన ఉన్న ఊరికి రాజు పేరు, రెండో కొసన ఉన్న ఊరికి అనంతసాగరమని పేరు పెట్టాడంటారు. ఆ రెండో ఊరే అనంతపురం అయింది. చెరువు తెగబోతుంటే తనను తాను బలిచ్చుకుని కట్ట నిలిపిన ముసలమ్మ కథ కూడా ఆ కట్టదే. ఆ పేరుతోనే అక్కడ ముసలమ్మ కట్ట ఉంది, పూజలు జరుగుతాయి. అనంతపురంలో పుట్టి పెరిగి అక్కడికి ఒక్కసారి కూడా పోనివాళ్ళు నాకు చాలామంది తెలుసు.

వజ్రకరూరు పేరులోనే వజ్రం ఉంది. ఆ ఊరి నేలలో వజ్రాలు మోసుకొచ్చే కింబర్లైట్ రాయి ఉంది. జొన్నగిరి సంగతి ఇంకా బాగుంటుంది. స్వర్ణగిరి సొన్నగిరి అయి, అది జొన్నగిరి అయిందని, మౌర్యుల దక్షిణ దేశపు రాజధాని సువర్ణగిరి ఇదేనని కొందరు చరిత్రకారుల మాట. పేరు చదవడం అంటే ఇదే. నాలుగు ఊళ్ళ పేర్లు నోటుపుస్తకంలో రాసుకుని, ఆ పేరు ఎందుకొచ్చిందో ఊహించి, తర్వాత వెళ్ళి సరిచూసుకోండి. ఊహ తప్పయినా నష్టం లేదు, ఊరు చూసినట్టవుతుంది.

కడప వాళ్ళకు ఇంకో వసతి ఉంది. 1800 ప్రాంతాల్లో ఈస్టిండియా కంపెనీ సర్వేయరు కల్నల్ మెకంజీ మనుషులు ఊరూరూ తిరిగి కరణాల చేత రాయించిన కైఫియత్తులు అచ్చులో దొరుకుతాయి. ఏ గుడి ఎవరు కట్టించారు, ఏ చెరువు ఎప్పుడు తెగింది, ఏ పాళెగాడు ఎవరితో కొట్లాడాడు, అన్నీ ఆనాటి ఊరి మాటల్లోనే ఉంటాయి. సొంత ఊరి కైఫియత్తు చదివి ఆ ఊళ్ళోకి పోతే అదే వీధి వేరేగా కనబడుతుంది.

అడిగే పద్ధతి

చాలామంది ఇక్కడే తప్పు చేస్తారు. ఊళ్ళోకి పోయి "ఇక్కడ చూడ్డానికి ఏమైనా ఉందా?" అని అడుగుతారు. జవాబు ఎప్పుడూ ఒకటే: "ఏముంటాది సామీ ఈడ, రాళ్ళు తప్ప." వాళ్ళు దాచడం లేదు. వాళ్ళకు అది చూడ్డానికి పెట్టింది కాదు, బతుకులో కలిసిపోయింది. కాబట్టి వాళ్ళ బతుకు గురించే అడగండి.

నేను అడిగేవి ఇవి. వానలు పడకపోతే ఎక్కడ పూజ చేస్తారు? పశువులకు రోగమొస్తే వాటిని ఏ రాయి పక్క నుంచి తోలేవాళ్ళు? చిన్నప్పుడు ఈత ఏ బావిలో నేర్చుకున్నారు? ఆ గుట్ట పేరేంది, దాని మీద ఎవరున్నారు? ఊళ్ళో బొడ్రాయి ఎక్కడ? పూర్వం దొంగలొస్తే ఊరు ఎక్కడ దాక్కునేది? ఈ చివరి ప్రశ్నకు జవాబుగా నాకు మూడు బురుజులు దొరికాయి. పాళెగాళ్ళ కాలంలో ఒక్కొక్క ఊరు ఒక చిన్న కోటలా ఉండేది. ఇప్పుడా బురుజుల్లో కొన్నిట్లో గొర్రెలు కడతారు, కొన్నిటి మీద నీళ్ళ ట్యాంకు కట్టారు.

ఎవరిని అడగాలి? పొద్దున ఏడున్నరకు ఉగ్గాని బజ్జి అమ్మే అంగడి ముందు అరగంట కూర్చోండి. తినేవాళ్ళు తొందరలో ఉండరు. తర్వాత గొర్రెల కాపరులు. గుట్టల వెనక ఏముందో వాళ్ళకు తెలిసినంత ఎవరికీ తెలియదు. ఇక ఇంటి ముందు అరుగు మీద కూర్చున్న అవ్వలు. మగవాళ్ళు రాజుల కథలు చెప్తారు, అవ్వలు ఏ దేవరకు ఏ రోజు ఏం వండుతారో చెప్తారు, రెండోదాంతోనే చోటు కచ్చితంగా దొరుకుతుంది. "అవ్వా, పెద్దాయనా, అన్నా" అని వరస కలిపి పిలవండి. మా పాపను వెంట తీసుకుపోయిన రోజు నాకు రెట్టింపు కథలు దొరుకుతాయి. నాకు రెండు ముక్కల్లో చెప్పి పంపించే మనిషి, పిల్ల అడిగితే లేచొచ్చి చెయ్యి పట్టుకుని చూపిస్తాడు.

ముందు రచ్చకట్ట, తర్వాతే రాయి

ఇది అన్నిటికన్నా ముఖ్యం కాబట్టి జరిగింది జరిగినట్టు చెప్తాను.

ఆరేళ్ళ కిందట ఏప్రిల్ నెలలో ఒక ఊరి బయట చేలో సగం మట్టిలో కూరుకుపోయిన నందిని చూశాను. బండి రోడ్డు మీద ఆపి, నేరుగా చేలోకి దిగి, టేపుతో కొలుస్తూ ఫోటోలు తీస్తున్నాను. పది నిమిషాల్లో ఏడెనిమిది మంది వచ్చి చుట్టూ నిలబడ్డారు.

"యా ఊరప్పా నీది? ఆ బసవన్న కాడ నీకేం పని?"

నేను చెప్పింది ఎవరూ నమ్మలేదు. అంతకు ముందు నెలలోనే ఆ ఊరి పాత గుడిలో రాత్రిపూట ఎవరో గుప్తనిధుల కోసం తవ్వి, విగ్రహాన్ని పక్కకు పడేసి పోయారట. టేపు, కెమెరా, ఒంటరి మనిషి. వాళ్ళ చోట నేనున్నా అదే అనుకునేవాణ్ణి. రచ్చకట్ట దగ్గర గంటన్నర కూర్చోబెట్టారు. ఫోన్లో ఫోటోలన్నీ చూశారు, నోటుపుస్తకం చదివించుకున్నారు. చివరికి ఒక పెద్దాయన, "నువ్వు ముందే ఈడికొచ్చి ఒక మాట చెప్పింటే మేమే తోడొచ్చి చూపిచ్చేవాళ్ళం గదప్పా" అన్నాడు. నాకు ఆ మాటకు తలెత్తబుద్ధి కాలేదు. తప్పు పూర్తిగా నాదే.

సీమలో గుప్తనిధుల పిచ్చి చాలా గుళ్ళను కూల్చింది. నంది కనిపిస్తే కింద బంగారముందని పగలగొట్టినవాళ్ళున్నారు. కాబట్టి కొత్త మనిషిని అనుమానించే ఊరు మంచి ఊరు, తన దేవుణ్ణి కాపాడుకునే ఊరు. అప్పటి నుంచి నేను పాటించేవి చెప్తాను. ముందు రచ్చకట్టకో అంగడికో పోయి పేరు, ఊరు, ఎవరి తాలూకో చెప్పుకుంటాను. ఊరివాళ్ళు ఒకరు వెంట వస్తేనే రాయి దగ్గరికి పోతాను. టేపు తీసుకుపోను, జానలతో మూరలతో కొలుస్తాను, ఎన్ని జానలో అని వాళ్ళే నాతో పాటు లెక్కపెడతారు. పొద్దు గూకకముందే ఊరు దాటేస్తాను. విత్తనం పడిన చేలో అడుగు పెట్టను, గట్టు మీద నుంచే చూస్తాను. చెప్పులు ఎక్కడ విప్పాలో అడుగుతాను. గుడైనా దర్గా అయినా పీర్ల చావిడైనా లోపల ఫోటో తీసే ముందు అడుగుతాను.

పెంకు ముక్క, పూస, నాణెం, ఏదీ జేబులో వేసుకోకండి. 1878 నాటి నిధుల చట్టం ప్రకారం పది రూపాయల విలువ దాటిన నిధి దొరికితే కలెక్టరుకు తెలియజేయాల్సిందే. చట్టం సంగతి అటుంచి, ఒక పూస దొరికిన చోటే ఉంటే అది చరిత్ర, మీ బీరువాలో ఉంటే వట్టి పూస.

రాయి ముందు ఏం చూడాలి

వీరగల్లు అన్నిటికన్నా ఎక్కువగా దొరుకుతుంది. ఊరి బయట, చెరువు కట్ట కింద, ఆంజనేయుడి గుడి వెనక నిలబెట్టి ఉంటుంది. చాలా చోట్ల పసుపు కుంకుమలు పూసి అమ్మవారనుకుని మొక్కుతుంటారు. దాన్ని కింద నుంచి పైకి చదవాలి. కింది గడిలో యుద్ధం: కత్తి, బాణం, ఒక్కోసారి గుర్రం, ఒక్కోసారి పులి. కింద ఆవులు చెక్కి ఉంటే దొంగలు తోలుకుపోయిన మందను విడిపించబోయి చచ్చిపోయినవాడని. నడిమి గడిలో అప్సరసలు రెండు చేతులూ పట్టుకుని వీరుణ్ణి తీసుకుపోతుంటారు. పై గడిలో అతను శివలింగం ముందు కూర్చుని ఉంటాడు. అన్నిటికన్నా పైన సూర్యుడు, చంద్రుడు. ఆ రెండూ ఉన్నంత కాలం ఈ పేరు ఉండాలని. పేరు మాత్రం చాలా రాళ్ళ మీద రాయలేదు, లేదా చెరిగిపోయింది. పక్కన మోచేతి దగ్గర వంచి ఎత్తిన ఒక చెయ్యి, దానికి గాజులు, అరచేతిలో నిమ్మకాయ చెక్కి ఉంటే అది భర్తతో సహగమనం చేసిన ఇల్లాలి రాయి. మాస్తికల్లు అంటారు.

అక్షరాలు చూడాలంటే వెలుగే ఆయుధం. మిట్టమధ్యాహ్నం ఎండ నిలువుగా పడుతుంది, చెక్కిన గీతల్లో నీడ పడదు, రాయి నున్నగా కనబడుతుంది. పొద్దున ఎనిమిది లోపల, సాయంత్రం ఐదు తర్వాత ఏటవాలు ఎండలో అదే రాయి మాట్లాడుతుంది. రాయి చెట్టు నీడలో ఉంటే నేనొక చిన్న చేతి అద్దం వాడతాను. ఒకసారి వేపచెట్టు కింద నిలబెట్టిన బండ మీద ఏమీ లేదని ఊరంతా చెప్పింది. మా పాప అద్దం పట్టుకుని పది అడుగుల దూరంలో ఎండలో నిలబడింది. వెలుగును రాయి ముఖం మీద కాకుండా పక్క నుంచి, రాయిని రాసుకుంటూ పోయేట్టు తిప్పమన్నాను. రెండు మూడు సార్లు జారిపోయింది. తర్వాత మొదటి వరస ఎడమ కొస నుంచి ఒక్కొక్క అక్షరం లేచి నిలబడింది. చుట్టూ ఉన్న పిల్లలు "అచ్చరాలు, అచ్చరాలు" అని అరిచారు. మొదటి రెండు మాటలు నాకే చదవొచ్చాయి: స్వస్తి శ్రీ.

పాత శాసనాలు చాలావరకు ఆ మాటతోనే మొదలవుతాయి. అది పట్టుకుంటే మిగతాది ఊహించవచ్చు. శక వర్షంబులు అని కనిపిస్తే ఆ అంకెకు 78 కలపండి, క్రీస్తు శకం వస్తుంది. శక 1452 అంటే 1530, అచ్యుత దేవరాయల కాలం. కడప జిల్లా ఎర్రగుంట్ల దగ్గర కలమళ్ళలో దొరికిన రేనాటి చోళుడు ధనంజయుడి శాసనం సుమారు 575 నాటిది, తెలుగులో మొట్టమొదటి శాసనంగా దాన్నే చెప్తారు. మన భాష తొలిసారి రాయి మీద కుదురుకున్నది మన సీమలోనే. అందుకే ఏ గుడి ఆవరణలోనూ పడి ఉన్న బండను చూడకుండా దాటకండి.

సుద్దముక్కతో గీతలు దిద్దకండి, నూనె రాయకండి, పిండి చల్లకండి. చేత్తో దుమ్ము తుడవడం తప్ప ఇంకేమీ వద్దు. ఫోటో తీసేటప్పుడు ఒకటి దూరం నుంచి, ఒకటి దగ్గర నుంచి, ఒకటి పక్కన మనిషిని నిలబెట్టి తీయండి.

రాయే ఉండాలని లేదు. ధర్మవరం దగ్గర నిమ్మలకుంటలో ఇంటింటా తోలుబొమ్మలు చేస్తారు. ఆ ఊరి కళాకారుడు దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ వచ్చింది. వసారాలో కూర్చుని మేకతోలు మీద చిన్న ఉలితో చుక్కలు చుక్కలుగా కొట్టే శబ్దం వింటూ ఒక గంట ఉండిపోవచ్చు. ఆ చుక్కల్లోంచే ఆట రోజు వెలుగు వచ్చి సీతమ్మ నగలు మెరుస్తాయి. కదిరి దగ్గర తిమ్మమ్మ మర్రిమాను చెట్టు. ఐదెకరాల దాకా పరుచుకుని 1989లో గిన్నిస్ పుస్తకానికెక్కింది. లోపలికి పోయి మొదటి మాను ఏదో కనుక్కోడానికి ప్రయత్నించండి. ఇక బనగానపల్లె దిక్కున జ్వాలాపురంలో చూడాల్సింది మట్టి. అక్కడి తవ్విన గుంతల గోడల్లో తెల్లటి బూడిద పొర కనిపిస్తుంది. సుమారు 74,000 ఏళ్ళ కిందట సుమత్రా దీవిలో తోబా అగ్నిపర్వతం పేలినప్పుడు గాల్లో కొట్టుకొచ్చి పడిన బూడిద అది. యాగంటికి పోయేవాళ్ళు ఎంతమంది దాని పక్క నుంచే పోతున్నారో!

రెండు పుటలు

నోటుపుస్తకంలో ఎడమ పుటలో కంటికి కనిపించింది రాయండి, కుడి పుటలో విన్నది రాయండి. ఈ రెంటినీ కలిపేస్తే రెండూ పాడవుతాయి. యాగంటి నంది పెరుగుతున్నాడని, కలియుగాంతంలో లేచి రంకె వేస్తాడని కుడి పుటలో రాయండి. ఒకప్పుడు చుట్టూ ప్రదక్షిణ చేసేవాళ్ళమని, ఇప్పుడు మనిషి పట్టడం లేదని చెప్పే పెద్దవాళ్ళ మాటా అక్కడే. స్తంభానికీ నందికీ మధ్య ఎన్ని జానలుందో ఎడమ పుటలో రాయండి. లేపాక్షి వేలాడే స్తంభం కింద పైట కొంగు ఎంత దూరం దూరిందో ఎడమ, దాన్ని కదిలించబోయిన తెల్లదొర కథ కుడి.

కుడి పుట తక్కువదని ఎంతమాత్రం అనుకోకండి. సీమకు కలెక్టరుగా పనిచేసి, తర్వాత మద్రాసు గవర్నరైన సర్ థామస్ మన్రో కథ చూడండి. వేంపల్లె దగ్గర గండిలో పాపాఘ్ని నది కొండల మధ్య నుంచి వచ్చే చోట ఆయనకు ఆకాశంలో బంగారు తోరణం కనిపించిందట. అది కనిపించినవాళ్ళు ఎక్కువకాలం బతకరని చెప్పారట. అది కుడి పుట. 1827 జూలై 6న ఆయన పత్తికొండలో కలరాతో చనిపోయాడు. అది ఎడమ పుట. తెల్లదొర చావుకు సీమ ప్రజలు బంగారు తోరణం కట్టారంటే ఆయన మీద వాళ్ళకున్న అభిమానం ఎంతటిదో కుడి పుటే చెప్తుంది.

ఎండ, నీళ్ళు, పాములు

అక్టోబరు నుంచి ఫిబ్రవరి దాకా మంచి కాలం. ఏప్రిల్, మే నెలల్లో పదిన్నరకే తిరిగొచ్చేయండి. మనిషికి రెండు లీటర్ల నీళ్ళు, తలకు తువ్వాలు, టార్చిలైటు. దిగుడుబావి మెట్లు పాచి పట్టి ఉంటాయి, పొదల్లో పాములుంటాయి, కట్టెతో తట్టుకుంటూ దిగండి. కోటల్లో, కొండ చరియల కింద పెద్ద తేనెపట్లు ఉంటాయి. అక్కడ పొగ, అరుపులు, అత్తరు వద్దు. పంచరు కిట్టు లేకుండా గుట్టల్లోకి బండి తీసుకుపోవద్దు.

ఒక రోజు ఎలా గడుస్తుందో

గుత్తిలో పొద్దున ఆరుకు కోట ఎక్కండి. పైన కొండ అంచున మురారిరావు గద్దె అని ఒక చిన్న మండపం ఉంది. మరాఠా దొర మురారిరావు అక్కడ కూర్చుని చదరంగం ఆడేవాడని చెప్తారు. 1776లో హైదరాలీ కోటను పట్టుకోవడంతో ఆయన కథ ముగిసింది. అక్కడ కూర్చుంటే ఎవరు ఏ దారిన వస్తున్నారో ఆయనకు ఎలా తెలిసేదో అర్థమవుతుంది. ఆ దారుల్లో పత్తికొండ దారి ఏదో పైనుంచే గుర్తు పెట్టుకోండి. ఎనిమిదికి దిగి, ఉగ్గాని తిని బయల్దేరండి.

ఎర్రగుడి దగ్గర ఆగండి. 1929లో అను ఘోష్ అనే భూగర్భ శాస్త్రవేత్త ఈ శాసనాలను గుర్తించాడు. అంతవరకూ చుట్టుపక్కల కాపరులు తప్ప ఎవరూ వాటిని పట్టించుకోలేదు. ఒక బండ దగ్గర ఆగి వరసలు చూడండి. బ్రాహ్మీ అక్షరాలు మామూలుగా ఎడమ నుంచి కుడికి పోతాయి. ఇక్కడ చిన్న శాసనంలో కొన్ని వరసలు కుడి నుంచి ఎడమకు తిరిగొస్తాయి. మడక కట్టిన ఎద్దులు ఒక సాలు దున్నుకుంటూ పోయి, చేను కొసన తిరిగి, పక్క సాల్లో వెనక్కి వచ్చినట్టు. చదవడం రాకపోయినా అక్షరాలు ఎటు మొహం పెట్టాయో చూస్తే తెలుస్తుంది. తల్లిదండ్రుల మాట వినండి, ప్రాణుల మీద దయ చూపండి, నిజం చెప్పండి అని అందులో ఉంది. అధికారులు ఈ మాటను భేరి మోగించి జనానికి చాటాలని కూడా ఉంది. మా ఊళ్ళో ఇప్పటికీ రేషను బియ్యం వచ్చాయంటే దండోరా వేస్తారు. అది తెలిశాక ఆ డప్పు వినిపించినప్పుడల్లా నాకు ఎర్రగుడి గుర్తొస్తుంది.

అక్కడికి దగ్గర్లోనే జొన్నగిరి. తొలకరి వాన పడిన వారంలో పోతే చేలల్లో వందల మంది నేల వైపే చూస్తూ నడుస్తుంటారు. వాన మట్టిని కడిగితే వజ్రం పైకి తేలుతుందని ఎక్కడెక్కడి నుంచో వచ్చి చెట్ల కింద వంట చేసుకుంటూ వారాలకు వారాలు ఉండిపోతారు. మీరూ వెతకవచ్చు, రైతును అడిగి మాత్రమే. వేరుశనగ మొలక తొక్కితే ఆయన సంవత్సరం తొక్కినట్టే.

మధ్యాహ్నానికి పత్తికొండ. మన్రో జ్ఞాపకంగా ప్రభుత్వం అక్కడ బావి తవ్వించి చెట్ల తోపు వేయించింది. ఆయన్ను మొదట గుత్తిలోనే పూడ్చి, తర్వాత మద్రాసు కోటలోని చర్చికి తరలించారు. ఆయన మీద ప్రేమతో పిల్లలకు మన్రోలప్ప అని పేరు పెట్టుకున్నవాళ్ళు మా దిక్కు ఉన్నారు. అంగట్లో ఆ పేరు గల మనిషి ఎవరైనా తెలుసా అని అడగండి. జవాబు దొరికితే దాన్నీ రాసుకోండి.

దొరికినదాన్ని ఏం చేయాలి

శాసనం దొరికిందనిపిస్తే ఫోటోలు మైసూరులో ఉన్న పురావస్తు శాఖ శాసన విభాగానికి పంపండి. చదివిపెట్టే పండితులు అక్కడున్నారు. ఊరి పేరు, ఎవరి చేను, ఏ దిక్కు అన్నవి రాయండి. విడిగా పడి ఉన్న విగ్రహాల కచ్చితమైన చోటు మాత్రం ఫోన్లలో పదిమందికీ పంపకండి. దొంగలు కూడా అవే చూస్తారు. గ్రామ సచివాలయంలో చెప్పి ఉంచండి. ఊరి గుడి, చెరువు, బురుజు ఫోటోలైతే తెలుగు వికీపీడియాలో ఆ ఊరి పేజీకి చేర్చవచ్చు. చాలా ఊళ్ళ పేజీల్లో ఒక్క బొమ్మ కూడా లేదు.

ఆ తర్వాత ఒక ఫోటో పెద్దది ప్రింటు తీయించి ఆ ఊరికే ఇవ్వండి. నన్ను రచ్చకట్ట దగ్గర కూర్చోబెట్టిన ఊరికి నేను దసరా తర్వాత మళ్ళీ పోయాను. సగం కూరుకుపోయిన బసవన్న ఫోటో, సాయంకాలపు ఎండలో తీసింది, మెడలో గంటల వరస స్పష్టంగా కనిపిస్తుంది, తీసుకుపోయి ఆ పెద్దాయన చేతిలో పెట్టాను. ఆయన చాలాసేపు చూసి, "మన బసవన్నకు ఇన్ని గంటలుండాయా" అన్నాడు. గంటలు వేలితో లెక్కపెట్టాడు. పద్నాలుగు. అంగడాయన దాన్ని తీసుకుని గోడ మీద క్యాలెండరు పక్కన మేకుకు తగిలించాడు.

ఆ రోజు నలుగురు పిల్లలు నన్ను ఊరి వెనక గుట్ట మీదికి తీసుకుపోయారు. అక్కడ ఇంకో రాయి ఉంది, మొహం నేలకేసి పడి ఉంది. తిప్పి చూద్దామన్నారు పిల్లలు. పెద్దల్ని అడిగి తిప్పుదామని చెప్పి వచ్చాను. సంక్రాంతికి రమ్మన్నారు.